చంద్రుడి మీద జరిగిన ప్రమాదం

పాడమంటే పాడేవాణ్ణి. పాడైపోతావురా అంటే అప్పుడూ పాడేవాణ్ణి. మా అమ్మ ఎక్కువసార్లు రెండో మాటే అనేది. నేను చర్చిలో కీర్తనలకు హార్మోనియం వాయించి దేవుడి కంట్లో పడాలని ఆమె కోరిక. హార్మోనియం చర్చిలోనే నేర్చుకున్నాను. కీబోర్డు దాకా ఎదిగాను. అక్కడ దారి తప్పి ఏకంగా అంతరిక్షంలో తేలాను.

గనుల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. "కాకా, మీ కాలంల ఎట్లుండె, జర చెప్పరాదు" అంటారు. వాళ్ళకు ఇన్నాళ్ళూ నవ్వొచ్చే సంగతులే చెప్పాను. ఇదీ నవ్వొచ్చేదే. కానీ ఆ నవ్వు మీద నాకు కోపం ఇంకా పోలేదు. కోపం వచ్చినవాడు కథ సరిగ్గా చెప్పలేడంటారు గనక, సరిగ్గా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో లాంప్ రూంలో పనిచేశాను. దిగేవాళ్ళకు దీపాలివ్వడం, పైకి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం, బ్యాటరీలు చార్జింగుకు పెట్టడం. బ్యాటరీ నడుముకు, దీపం నెత్తిమీది హెల్మెట్‌కు. హెల్మెట్‌ను మేం టోపీ అనేవాళ్ళం. ఒకరికి ఇంకొకరు టోపీ పెట్టడం అంటే వేరే అర్థం ఉందని మీకు తెలుసు. ఈ సంగతిలో రెండు టోపీలూ ఉన్నాయి, ఒకదాన్నొకటి అనుకోకండి. అలాగే కప్పులూ రెండున్నాయి. గనిలో తల పైన ఉండే బండను కప్పు అంటారు. పోటీలో గెలిచి బీరువాలో పెట్టుకునేది కూడా కప్పే. మొదటి కప్పు పడితే మనిషి పోతాడు. రెండో కప్పు కోసం మనిషి పోయినా ఫరవాలేదనుకునేవాళ్ళను నేను చూశాను.

ముందు పాట సంగతి చెప్పాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు మా ఊళ్ళో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సంఘం ఒకటి మొదలైంది. బొగ్గు ఊళ్ళో అదేమిటని అడగకండి, అప్పుడు అందరూ అదే అడిగారు. ఒక స్కూల్లో ఫిజిక్స్ చెప్పే టీచరు దానికి పెద్ద. వయసులో నాకంటే పెద్దది, మేమంతా టీచరక్క అనేవాళ్ళం. ఆదివారం ఆ స్కూలు ల్యాబులోనే మీటింగు. లైబ్రరీ నుంచి తెచ్చిన అంతరిక్ష నవలలు ఒకరు చదివితే పదిమంది వినేవాళ్ళం. తెలుగులోకి డబ్బింగ్ చేసిన సినిమాల సీడీలు చూసేవాళ్ళం. ఊరివాళ్ళు మమ్మల్ని "పైకి చూసేటోళ్ళు" అని పిలిచేవారు. అందులో తప్పు లేదు. వారమంతా కిందికి దిగేవాళ్ళకు ఒక్కరోజు పైకి చూడబుద్ధవుతుంది కదా.

ఆ సంఘానికి నేను ఆస్థాన గాయకుణ్ణి. ఆస్థానం అంటే బల్లల మధ్య కాస్త ఖాళీ స్థానం. పెళ్ళి పాటల వరసలు, నాటు పాటల వరసలు తీసుకుని మాటలు మార్చేవాణ్ణి. ప్రియురాలు ఉండేచోట రాకెట్టును పెట్టేవాణ్ణి. అత్తగారు ఉండేచోట గ్రహాంతరవాసిని పెట్టేవాణ్ణి, అక్కడ మాటలు పెద్దగా మార్చాల్సిన పని ఉండేది కాదు.

అది ఊరంతా రాష్ట్రం కోసం పాడుతున్న కాలం. చౌరస్తాలో గజ్జెలు, డప్పులు, గొంతు చించుకుని పాడే పిల్లలు. వాళ్ళ పక్కనుంచి కీబోర్డు చంకన పెట్టుకుని గ్రహాల పాటలు పాడటానికి పోతుంటే నాకే సిగ్గేసేది. ఒక పెద్దమనిషి నన్ను ఆపి నిలదీశాడు.

"ఏందివయా, ఇక్కడ రాష్ట్రమే రాకపాయె, నువ్వు అంగారకుని మీదికి పోతున్నవా?"

"అక్కడ గూడ వేరే రాష్ట్రం అడుగుతున్నరట కాకా. పోయి జర మద్దతిచ్చి వస్త."

ఆయన నవ్వాడు. నేను బతికిపోయాను. నా జీవితమంతా ఇలా నవ్వించి బతికిపోవడమే. ఒక్కసారి మాత్రం అది పనిచెయ్యలేదు.

మా సంఘంలో ఒక టింబర్‌మన్ ఉండేవాడు. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. నాకంటే కొన్నేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. కమాన్‌పూర్ దగ్గర పల్లె, ఇంట్లో అందరూ వ్యవసాయం. నవల చదివేటప్పుడు వేలు కింద పెట్టుకుని ఒక్కొక్క అక్షరం తొక్కుకుంటూ పోయేవాడు, కానీ చదివింది ఒక్కటీ మరిచిపోడు. అతని గురించి గనిలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది: టోపీ అంటే అతనికి ప్రాణం. షిఫ్టు అయ్యాక టోపీ తియ్యడం మరిచిపోయి, అలాగే కూరగాయల మార్కెట్‌కు పోయేవాడు. అతని భార్య అందరి ముందూ అనేది: "ఈన టోపీతోటే పుట్టిండు. మా అత్త ఎంత తిప్పల పడ్డదో!"

అందుకే ఆ పాటలో నాయకుడి పాత్ర అతనికిచ్చాం. చంద్రుడి మీద బొగ్గు గనిలో పనిచేసే కార్మికుడు, పేరు చందమామ, టోపీ పెట్టుకోడు. ఎందుకంటే అక్కడ బరువు తక్కువ, బండ మెల్లగా పడుతుంది. పాట ఇలా ఉండేది:

చందమామ గనిలోన చల్లనైన డ్యూటీరో
బండ పడితె దూదిపింజ, టోపి నాకు ఎందుకురో
పొద్దుగాల ఊడిన బండ మాపటికి దిగుతదిరో
తిని, పండి, లేచినంక పక్కకు జరుగుతనురో

టీచరక్కకు ఈ పాట మీద అభ్యంతరం ఉండేది. "మాపటిదాక ఎట్ల పడ్తదయ్యా? నువ్వు ఒకటి, రెండు, మూడు అనేలోపల నెత్తిమీద ఉంటది. మెల్లగ పడ్డా పెద్ద బండ పెద్ద బండనే. పిల్లలకు తప్పు సైన్సు నేర్పకు."

"అక్కా, ఒకటి, రెండు, మూడు అంటే ప్రాస కుదరదు."

"ప్రాస కోసం న్యూటన్‌ను చంపుతవా?"

"ఆయన ఎప్పుడో పోయిండు గదక్కా, నా మీద కేసు పడదు."

కేసు పడింది. నా మీద కాదు. అదే ఈ సంగతి.

మా సంఘం వార్షికోత్సవానికి మా గని సేఫ్టీ ఆఫీసరును ముఖ్య అతిథిగా పిలిచాం. అంటే గనిలో కార్మికుల రక్షణ చూసే అధికారి. వేరే జిల్లా నుంచి వచ్చినవాడు, మర్యాదస్థుడు, ఎప్పుడూ ఇస్త్రీ మడత చెదరని మనిషి. నేను పాడుతుంటే మా టింబర్‌మన్ స్టేజీ మీద మెల్లగా, నీళ్ళలో నడిచినట్టు గాల్లో తేలుతూ నటించాడు. టోపీ తీసి దాన్ని తలగడ చేసుకుని పడుకున్నాడు. జనం పడీ పడీ నవ్వారు. టోపీ తియ్యని మనిషి టోపీ తీశాడన్నదే అసలు నవ్వు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ ఆఫీసరే. కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"ఎవరయ్యా ఈ చందమామ?"

మావాడు లేచి సలాం కొట్టాడు. "నేనే సార్ చందమామను."

ఆ రోజు నుంచి గనిలో అతనికి ఆ పేరే నిలిచిపోయింది. దీపం తీసుకోవడానికి వస్తే నేనే కేకేసేవాణ్ణి: "చందమామకు దీపమెందుకురా?"

ఇక ప్రమాదం. దాని గురించి ఎక్కువ రాయను. ఆ వారమంతా అతను పైకొచ్చి దీపం ఇచ్చేటప్పుడు ఒకటే మాట అంటున్నాడు: "దుంగలు వస్తలేవన్న. అడిగితే రేపంటున్నరు. కప్పు సప్పుడు చేస్తంది." వాళ్ళ సూపర్వైజరుకూ చెప్పాడు, సేఫ్టీ ఆఫీసరుకూ చెప్పాడు. పని మాత్రం ఆపనివ్వలేదు. ఒకరోజు ఉదయం షిఫ్టులో కప్పు పడింది. నడుము, ఎడమ కాలు నలిగాయి. స్ట్రెచర్ మీద పైకి తెచ్చి దవాఖానకు తీసుకుపోయారు. అతని దీపం మాత్రం తోటివాళ్ళు నా దగ్గరికి తెచ్చారు. దీపం ఇంకా టోపీకే తగిలించి ఉంది. టోపీ వెనకవైపు ఇక్కణ్ణుంచి అక్కడికి పగిలి ఉంది. టోపీ పగిలింది గనకే తల మిగిలింది. దాన్ని నేను చేత్తో పట్టుకున్నాను. ఇప్పటికీ నా చేతికి ఆ పగులు తెలుస్తుంది.

మర్నాడు సేఫ్టీ ఆఫీసరు స్వయంగా లాంప్ రూంకు వచ్చాడు. "ఆ హెల్మెట్ ఇవ్వండి, విచారణకు కావాలి" అన్నాడు. ఇచ్చాను. విచారణకు అన్నాడు కదా, మంచిదే అనుకున్నాను. ఆ తర్వాత ఆ టోపీని నేనే కాదు, ఎవరూ చూడలేదు.

కొన్నాళ్ళకు దవాఖానలో మంచం మీద ఉన్న మనిషికి చార్జిషీటు వచ్చింది. రక్షణ నియమాలు పాటించకుండా టోపీ తీసి, నిర్లక్ష్యంగా పనిచేసి, తన ప్రమాదానికి తానే కారణమయ్యాడట. రుజువైతే నౌకరి పోతుంది. లేవలేని మనిషికి నౌకరి పోవడమంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు.

ఎందుకింత చేశారో నాకు అప్పుడు తెలియదు, తర్వాత తెలిసింది. రక్షణ వారోత్సవాలు దగ్గరికొస్తున్నాయి. మంచి రక్షణ ఉన్న గనికి కప్పు ఇస్తారు. మా గని ముందుంది. దుంగలు ఇవ్వక ప్రమాదమైతే కప్పు రాదు. కార్మికుడే టోపీ తీసేశాడంటే గని తప్పేమీ లేదు, కప్పుకు అడ్డం లేదు. ఒక కప్పు మనిషి మీద పడింది. ఇంకో కప్పు కోసం మనిషినే కింద వేశారు.

యూనియన్ వాళ్ళ దగ్గరికి పోయాను. వాళ్ళు రాష్ట్రం కోసం రోడ్ల మీద ఉన్నారు. "చూద్దాం తీయన్న, ముందు రాష్ట్రం రానీ" అన్నారు. రాష్ట్రం రావాలని నాకూ ఉంది. కానీ మా చందమామ కాలు అందాకా ఆగదు కదా.

విచారణకు నన్ను సాక్షిగా పిలిచారు. నేను చాలా సంతోషపడ్డాను. ఇంతకంటే తెలివి తక్కువ సంతోషం నా జీవితంలో మరొకటి లేదు. చర్చికి వేసుకునే చొక్కా వేసుకున్నాను. దీపం గురించి, టోపీ గురించి ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లె వేసుకున్నాను. గదిలో విచారణ అధికారి ఉన్నాడు, వేరే ఏరియా నుంచి వచ్చినవాడు. పక్కన మా సేఫ్టీ ఆఫీసరు. ఒక మూల టైపు చేసే గుమాస్తా. మా చందమామను చక్రాల కుర్చీలో తెచ్చి గోడ పక్కన పెట్టారు. నన్ను చూసి నవ్వాడు. నేనున్నాను గదా అని ధైర్యం.

సేఫ్టీ ఆఫీసరు మొదలుపెట్టాడు.

"మీరు పాటలు రాస్తారా?"

"రాస్త సార్. రాయొద్దంటే మానేస్త."

"చందమామ గని అనే పాట మీరు రాసిందేనా?"

"నాదే సార్." నాకు ఏమీ అర్థం కాలేదు. బహుశా ముందు పరిచయం చేస్తున్నారేమో అనుకున్నాను. స్టేజీ మీద అలాగే చేస్తారు.

"ఆ పాటలో కార్మికుడు టోపీ తీసేస్తాడు. అవునా?"

"అవును సార్."

"ఆ పాటలో అతని పేరేమిటి?"

"చందమామ."

"ఈ కేసులో ఉన్న కార్మికుణ్ణి గనిలో అందరూ ఏమని పిలుస్తారు?"

అప్పుడు అర్థమైంది. గుమాస్తా వేళ్ళు మిషను మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"చెప్పండి. ఏమని పిలుస్తారు?"

"చందమామ అనే. కని సార్..."

టకటకా టైపు చేశాడు గుమాస్తా. సేఫ్టీ ఆఫీసరు విచారణ అధికారి వైపు తిరిగాడు. "సార్, ఈ కార్మికుడి నిర్లక్ష్యం తోటి కార్మికులకు ఎంత బాగా తెలుసంటే, దాని మీద పాట కట్టి బహిరంగంగా పాడుకుంటున్నారు. నేను స్వయంగా విన్నాను. నేనే చందమామనని అతను నా ముందే ఒప్పుకున్నాడు."

మా ఇంట్లో అందరూ నేను కోపం రాని మనిషినని అంటారు. నాకే తెలియదు నాకు అంత కోపం ఉందని.

"సార్, జరిగిన జాగ గూడ రాయిండ్రి."

"ఏ జాగా?"

"పాటల టోపీ తీసిన జాగ. చంద్రుని మీద. ఫస్టు షిఫ్టు. అది గూడ రాయిండ్రి."

విచారణ అధికారి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "మీరు ఇక్కడ హాస్యమాడుతున్నారా?"

"పాటల ఆడిన సార్. ఇక్కడ నేను ఆడుతలేను, ఇంకెవరో ఆడుతున్నరు. ఆ మనిషి టోపీ నా చేతికొచ్చింది. దీపం దానికే ఉంది. వెనక పలిగింది. నెత్తి మీద లేని టోపీ ఎట్ల పలుగుతది? ఈ సార్ వచ్చి ఆ టోపీ తీస్కపోయిండు. అడుగుండ్రి, ఏది ఆ టోపీ?"

సేఫ్టీ ఆఫీసరు తొణకలేదు. "లాంప్ రూం నుంచి నాకు హెల్మెట్ అప్పగించినట్టు ఎక్కడా లేదు సార్. వారి రికార్డులో దీపం ఒక్కటే ఉంది."

నిజమే. మేం దీపాలకే లెక్క రాస్తాం. టోపీ ఎవరిది వాళ్ళది, దానికి లెక్క ఉండదు. ఆఫీసరు చేతికి ఏదైనా ఇస్తే రసీదు అడగాలని నాకెవరూ చెప్పలేదు. అడిగినా ఇచ్చేవాడు కాడు.

"దీపం విషయం మీ పని. మిగతాది ఊహ" అన్నాడు విచారణ అధికారి. "ఇది కథలు చెప్పే చోటు కాదు."

అదీ సంగతి. నా పాట సాక్ష్యమైంది. నా సాక్ష్యం పాటైంది.

టైపు చేసిన కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. నేను నా సంతకం పైన పెన్నుతో "ఇదంతా చంద్రుడి మీద జరిగింది" అని రాశాను. సేఫ్టీ ఆఫీసరు చదివి చిన్నగా నవ్వాడు. గోడ పక్కన మా చందమామ మాత్రం నవ్వలేదు.

బయటికి వస్తుంటే ఒకాయన, మంచివాడే, నా భుజం మీద చెయ్యేసి అన్నాడు. "ఏం చేస్తమన్న, పాట రాసింది నువ్వేనాయె." తర్వాత చాలామంది ఆ మాటే అన్నారు. కొత్తగా నౌకరికి వచ్చిన పిల్లలూ, ఇక్కడ నేను గుండెలు బాదుకుంటానని చూడకండి. బాదుకోను. ఆ పాట రాసినందుకు నాకు ఏ బాధా లేదు. టోపీ తియ్యని మనిషి టోపీ తీసినట్టు పాడితే అది నవ్వులాట అని చంటిపిల్లలకు కూడా తెలిసింది. ఆ ఆఫీసరుకూ తెలిసింది. తెలిసే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. తెలియని మనిషి మీద కోపగించుకోవచ్చు, తర్వాత క్షమించనూ వచ్చు. తెలిసి తెలియనట్టు నటించినవాడి మీద నా కోపం ఇన్నేళ్ళయినా ఒక్క పిసరు తగ్గలేదు. తగ్గించుకొమ్మని మా పాస్టరు గారు చెప్పారు. ప్రయత్నిస్తున్నానని ఆయనకు అబద్ధం చెప్పాను.

టీచరక్క ఈ సంగతి విని ల్యాబులో గాజుపాత్రలు ఒక్కొక్కటే తుడిచి పెట్టింది. చివరికి అంది: "ఉన్నది ఒకటి, అన్నది ఒకటి అయితే దాన్ని వ్యంగ్యమంటరని బళ్ళె చెప్తం గద. వీళ్ళు ఏ బళ్ళె చదివిండ్రు?" తర్వాత గనికి పోయి ఆఫీసర్లతో మాట్లాడతానని బయల్దేరింది. గేటు దగ్గరే ఆపి, బయటివాళ్ళకు సంబంధం లేదని పంపించేశారు.

రక్షణ వారోత్సవాలకు కొద్ది రోజుల ముందు నేను దవాఖానలో అతని దగ్గర ఉండగా సేఫ్టీ ఆఫీసరు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. పండ్లు కూడా తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని, ఇంటి మనిషిలా మాట్లాడాడు. టోపీ తియ్యడం తన పొరపాటేనని ఒప్పుకుని, దయ చూపమని రాసిన కాగితం అది. సంతకం పెడితే హెచ్చరికతో సరిపెడతారు. నౌకరి పోదు. లేచి తిరిగే పరిస్థితి వచ్చాక పైన కూర్చుని చేసే పని ఇస్తారు. "ఆలోచించుకోండి. మీ మంచికే" అని పండ్ల సంచీ స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"సంతకం పెట్టకు తమ్మీ" అన్నాను. "పెడితే నువ్వే తప్పు చేసినట్టయితది. కోర్టుకు పోదాం. నేనొస్త. టీచరక్క వస్తది."

అతను కిటికీ వైపు తిరిగాడు. మాట్లాడింది అతని భార్య.

"అన్నా, నీ కోపం పొయ్యి మీద పెడితే మా ఇంట్ల బువ్వ ఉడుకుతదా? కోర్టుల కేసు తెమిలేదాక ఈయనను ఎత్తేటోళ్ళెవరు, దించేటోళ్ళెవరు?"

"అది గాదమ్మా. చెయ్యని తప్పు..."

"చెయ్యలేదని నాకెరుకలేదా? ఈన టోపీ నేను గుంజితే గూడ ఇయ్యడు. నాకెరుక, నీకెరుక. ఇంక ఎవ్వరికెరుకైతే నాకేంది?"

అప్పుడు మా చందమామ నా వైపు తిరిగాడు. అతను ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు.

"కోపం నువ్వు పెట్టుకో అన్నా. నౌకరి నేను పెట్టుకుంట. రెండూ ఒక్కన్ని మొయ్యలేను."

పెన్ను అడిగాడు. నా జేబులో ఉన్నదే ఇచ్చాను.

వారోత్సవాల ముగింపు రోజు పాట పాడాలని నాకు కబురొచ్చింది. రానన్నాను. సేఫ్టీ ఆఫీసరు మళ్ళీ లాంప్ రూంకు వచ్చి, ఎంతో మర్యాదగా చెప్పాడు. "మీ స్నేహితుడికి కొత్త పని ఆర్డరు ఆ స్టేజీ మీదే ఇస్తున్నాం. మీరు టోపీ పాట పాడితే అందరికీ పాఠంలా ఉంటుంది. మీరు రాకపోతే బాగుండదు." ఎవరికి బాగుండదో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

పోయాను. మైదానం నిండా జనం, షామియానాలు, కుర్చీలు. గ్రౌండు చుట్టూ రక్షణ నినాదాల బ్యానర్లు. మా గనికి కప్పు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మా చందమామను చక్రాల కుర్చీతో సహా నలుగురు ఎత్తి స్టేజీ మీద పెట్టారు. సేఫ్టీ ఆఫీసరు కొత్త టోపీ ఒకటి తెచ్చి తన చేతులతో అతని నెత్తి మీద పెట్టి, పట్టీ బిగించాడు. మైకులో "ఇకముందు తియ్యవు కదా" అన్నాడు. జనం నవ్వారు. ఫోటోలు తీశారు. ఆర్డరు కాగితం మాత్రం ఇంకా ఆఫీసరు చేతిలోనే ఉంది. పాట అయ్యాక ఇస్తారట.

నన్ను పిలిచారు.

మైకు ముందు నిలబడ్డాను. పాడకూడదని ఇంటి దగ్గరే నిశ్చయించుకున్నాను. పాడటానికి బదులు చెప్పాలనుకున్నాను. పగిలిన టోపీ గురించి, రాని దుంగల గురించి, బల్ల మీద మెరుస్తున్న ఆ కప్పు గురించి. మాటలన్నీ గొంతు దాకా వచ్చి వరస కట్టి నిలబడ్డాయి. ఇంత జనం, ఇంత పెద్ద మైకు మళ్ళీ నాకు దొరకవు. పక్కకు చూశాను. కొత్త టోపీ కింద నుంచి మా చందమామ నన్నే చూస్తున్నాడు. ఎవరికీ కనపడనంత మెల్లగా తల అడ్డంగా ఊపాడు. వద్దన్నా, అని. స్టేజీ కింద అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

నోరు తెరిచాను. మూశాను. మళ్ళీ తెరిచాను.

"పాట వస్తలేదు" అన్నాను.

జనం విరగబడి నవ్వారు. వాళ్ళ తప్పు లేదు. ఇన్నేళ్ళు నేను నోరు తెరిస్తే నవ్వడమే వాళ్ళకు అలవాటు చేశాను. ఇది కూడా ఏదో కొత్త ఆట అనుకున్నారు. నా ఏ పాటకూ అంత నవ్వు రాలేదు. నేను స్టేజీ దిగిపోతున్నా చప్పట్లు ఆగలేదు. వెనక ఆర్డరు కాగితం ఇస్తున్నట్టు మైకులో వినపడింది. మెట్ల దగ్గర సేఫ్టీ ఆఫీసరు నా భుజం తట్టాడు.

"ఏం టైమింగయ్యా నీది!" అన్నాడు.

ఆ తర్వాత నేను పాటలు మానలేదు. మానితే వాళ్ళు గెలిచినట్టని టీచరక్క మాననివ్వలేదు. సంఘంలో రాకెట్ల పాటలు, గ్రహాంతర అత్తల పాటలు పాడుతూనే వచ్చాను. రాష్ట్రం వచ్చినప్పుడు నిజంగానే దాని మీదొక పాట కట్టాను, అందరూ బాగుందన్నారు. ఊళ్ళో బోర్డుల మీద రాష్ట్రం పేరు మారింది. మా చందమామ సర్వీసు కాగితాల్లో "స్వయం నిర్లక్ష్యం" అన్న మాట మారలేదు. ఆ ఆఫీసరు ప్రమోషన్ మీద పోయాడు. ఎక్కడున్నాడో తెలియదు. బాగానే ఉంటాడు.

నేను రిటైరయ్యాక కూడా ఇది ఎక్కడా రాయలేదు. కారణం పిరికితనం కాదు. నేను రాస్తే పోయేది నా పింఛను కాదు, అతని నౌకరి. అతను కర్ర పట్టుకుని నడుస్తూ, పైన ఆఫీసులో కూర్చుని ఇన్నాళ్ళూ నౌకరి చేశాడు. మొన్న అతనూ రిటైరయ్యాడు. శాలువా, దండ తీసి భార్య చేతికిచ్చి, ఆటో దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు.

"ఇగ రాయి అన్నా" అన్నాడు.

మాకు రాయి అంటే రెండు అర్థాలు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పడిపోయిన రాయిని ఎవరూ పైకి ఎత్తి పెట్టలేరు. రెండో రాయి చెయ్యగలను.

రాస్తున్నాను. ఆ రోజు దుంగలు రాలేదు. అతను అడిగాడు, ఇవ్వలేదు. కప్పు పడినప్పుడు అతని తల మీద టోపీ ఉంది.